నామ్‌కా చూ సైనికుల తరఫున రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ మంత్రి గారికి,

నమస్కారాలు. చైనాతో జరిగిన 1962 యుద్ధంలో మన ఓటమిపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో సమర్పించిన నివేదికను బయటపెట్టమని ఎందరో అడిగారు. సమాచార హక్కు చట్టం కింద వచ్చిన వినతిని సైతం 2010లో కేంద్ర సమాచార కమిషన్ తోసిపుచ్చింది. అందుకే ఈ విన్నపాన్ని నలుగురి సాక్షిగా మీ ముందుంచుతున్నాను.

ఆ అక్టోబరులో మన సైన్యపు ఏడవ బ్రిగేడ్‌ను నేటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులో, థాగ్లా కొండ దిగువన, నామ్‌కా చూ వాగు వెంట నిలబెట్టారు. ఎత్తున శత్రువు, లోయలో మనవాళ్లు. చాలామంది ఒంటిమీద నూలు దుస్తులే. మనిషికి 50 తూటాలు. అది నిలబడదగిన చోటు కాదని ఆ బ్రిగేడ్ అధిపతి బ్రిగేడియర్ దాల్వీ మొత్తుకున్నా వెనక్కి రానివ్వలేదు. యుద్ధంలో దళాలను నడిపిన అనుభవం లేని లెఫ్టినెంట్ జనరల్ కౌల్‌కు ఆ బ్రిగేడ్‌పై అధికారం గల పెద్ద దళం, నాలుగో కోర్‌ను అప్పగించారు. ఆయన జబ్బుపడి 18న ఢిల్లీ చేరి, మంచం మీది నుంచే ఆదేశాలు పంపారు. 20న తెల్లవారుజామున మొదలైన దాడిలో కొన్ని గంటలకే బ్రిగేడ్ చెదిరిపోయింది.

ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ యుద్ధంలో 1,383 మంది మరణించారు, 1,696 మంది ఆచూకీ తెలియలేదు. ఆచూకీ తెలియనివాడి ఇంట్లో ఎదురుచూడాలో, కర్మ చేయాలో తేలదు. ఓటమి నింద మాత్రం ఆఖరి తూటా దాకా పోరాడినవారి మీదా పడింది. ఇది నన్ను అన్నిటికన్నా బాధిస్తోంది.

కాబట్టి నివేదికను పూర్తిగా ప్రచురించండి. నేటి భద్రతకు నిజంగా ముప్పు తెచ్చే వాక్యాలుంటే, ఒక్కొక్కదానికి కారణం రాసి వాటినే తొలగించండి. ఎప్పటిలోగా ప్రచురిస్తారో తేదీని పార్లమెంటులో ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు