సముద్రం పోగొట్టుకున్న హంగరీ

సంపాదకుల వారికి,

హంగరీ గురించి ఎప్పుడు వార్త వేసినా ఎన్నికలు, గొడవలే తప్ప ఆ దేశం కథ రాయరేం? మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక 1920 జూన్ 4న కుదిరిన ట్రియనాన్ శాంతి ఒప్పందంతో హంగరీ దాదాపు మూడింట రెండు వంతుల భూభాగాన్ని పోగొట్టుకుంది, దాంతోపాటే ఫియూమే రేవు కూడా చేజారింది (ఇప్పుడది క్రొయేషియాలోని రియెకా), ఇక ఆ సముద్రం లేని దేశాన్ని అదే ఏడాది నుంచి 1944 దాకా ఏలింది ఎవరో కాదు, నౌకాదళ అడ్మిరల్ హోర్తీ! ఇప్పుడు వాళ్ళ సరుకు డాన్యూబ్ నది మీదుగా నల్లసముద్రానికి పోవాలి, లేదంటే పరాయి దేశాల రేవులే దిక్కు. బాలటన్ సరస్సునే వాళ్ళు ‘హంగరీ సముద్రం’ అని ముద్దుగా పిలుచుకుంటారు, నాకైతే అది చదివి మనసు కలుక్కుమంది. కృష్ణపట్నం రేవు దగ్గరే పెరిగే మన నెల్లూరు పిల్లలు ఇవన్నీ తెలుసుకోవాలి. దయచేసి ఆదివారం పిల్లల పేజీలో మ్యాపులతో సహా రాయండి.

– ఒక పాఠకుడు, కావలి