ఘటనా దిగంతం వేరు, సింగులారిటీ వేరు

సంపాదకులకు,

కృష్ణబిలాల గురించి వచ్చే వ్యాసాల్లో ఘటనా దిగంతాన్ని (కాంతి కూడా తిరిగి బయటికి రాలేని హద్దు), సింగులారిటీని (స్థలకాలమే ఆగిపోయే చోటు) తరచూ కలిపేస్తున్నారు. ఐన్‌స్టైన్ గురుత్వ సమీకరణాలకు 1916లో అచ్చయిన ష్వార్జ్‌షీల్డ్ పరిష్కారంలో రెండు చోట్ల విలువలు అనంతమవుతాయి. సూర్యుడంత ద్రవ్యరాశికి మొదటిది సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధం దగ్గర, అంటే ఘటనా దిగంతం దగ్గర; రెండోది కేంద్రం దగ్గర. మొదటిది నిరూపకాల (స్థానాన్ని తెలిపే సంఖ్యల) లోపం మాత్రమే, ఉత్తర ధ్రువానికి రేఖాంశం ఇంతని చెప్పలేనట్టు. 1933లో బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ దీన్ని స్పష్టం చేశారు.

తేల్చుకునే పద్ధతి ఉంది: స్థలకాలం ఎంత వంగిందో చెప్పే, నిరూపకాలు మార్చినా మారని వక్రతా రాశిని లెక్కించాలి. అది వ్యాసార్ధం ఆరో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది కనుక దిగంతం దగ్గర పరిమితమే, కేంద్రం దగ్గరే అనంతం. గణితంలోనూ అంతే. సైన్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగిస్తే సున్నా దగ్గర వచ్చే ఖాళీని 1తో పూడ్చవచ్చు. 1ని ఎక్స్‌తో భాగిస్తే ఏ సంఖ్యా అతకదు.

ఇంకో మాట. 1965 నాటి పెన్‌రోజ్ సిద్ధాంతం 'అనంత సాంద్రత' గురించి చెప్పదు. కొన్ని కాంతి పథాలను ఒక హద్దు దాటి పొడిగించలేమంటుంది. ఆ నిరూపణలో కీలకం, 1955లో అమల్ కుమార్ రాయ్‌చౌధురి ప్రచురించిన సమీకరణం; గురుత్వం వల్ల పక్కపక్క పథాలు ఎలా దగ్గరవుతాయో అది చెబుతుంది. మన దేశపు ఈ కృషి మీద తెలుగులో వివరమైన వ్యాసం వేయాలని మనవి.

– భౌతికశాస్త్ర అధ్యాపకులు, వరంగల్