ఆదివారం క్లబ్‌హౌస్‌లో పిల్లల అంతరిక్ష ప్రదర్శన

అందరికీ నమస్తే అండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం చూసొచ్చినప్పటి నుంచి మన పిల్లలు ఆగట్లేదు. వ్యోమగాములు పైన ఎలా తింటారో, ఎలా పడుకుంటారో చూపిస్తూ సొంత ప్రదర్శన పెడుతున్నారు.

ఈ ఆదివారం ఉదయం 10 నుంచి 1 దాకా, బి బ్లాక్ క్లబ్‌హౌస్‌లో.

ఎవరి దగ్గరైనా స్లీపింగ్ బ్యాగ్ ఉంటే శనివారం సాయంత్రం 6 లోపు ఇవ్వండి. గోడకు కట్టి చూపిస్తారు. పైన అలా కట్టుకోకపోతే నిద్రలో ఎటో తేలిపోతారు మరి!

పాత వాక్యూమ్ క్లీనర్ కూడా కావాలి, టాయిలెట్ స్టాల్‌కి. అంతరిక్షంలో నీళ్లు పోయడం కుదరదు, గాలితో లాగేస్తారు. మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగునీరుగా వాడతారు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే మనం ఈ స్టాల్ దగ్గర కాసేపు నిలబడాల్సిందే.

తిండి స్టాల్‌కి చపాతీలు ఎవరు చేస్తారు? బ్రెడ్ వద్దు. పొడి రాలి పరికరాల్లోకి పోతుందని అక్కడా చపాతీల్లాంటి టోర్టిల్లాలే తింటారు. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా గారు పైకి క్యారెట్ హల్వా పట్టుకెళ్లారు కాబట్టి అదీ ఉండాలని పిల్లల పట్టు. చేసేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.

మర్చిపోకండి: వాక్యూమ్ క్లీనర్ మీద ఫ్లాట్ నంబర్ రాసి ఇవ్వండి. చెప్పులు హాలు బయటే.