సుధకి, ఆ గొంతుల గురించి

ఏమే సుధా,

కొలోన్‌లో కాపురం పెట్టావు సరే, నాజీలు చంపినవాళ్ళ గుర్తుగా ఫుట్‌పాత్‌లో పొదిగిన, పైన ఇత్తడి పలక ఉన్న చిన్న రాళ్ళు ఎప్పుడైనా చూశావా? అరచేయంత ఉంటాయి, 10 సెంటీమీటర్ల చదరం. "ఇక్కడ నివసించారు" అని మొదలై పేరు, పుట్టిన ఏడాది, ఎక్కడికి తీసుకుపోయారు, ఎక్కడ చంపారు, అంతే. గుంటర్ డెమ్నిగ్ అనే ఆర్టిస్ట్ మొదటిదాన్ని 1992లో మీ ఊరి టౌన్ హాల్ ముందే పెట్టాడు, 2023లో లక్షో రాయి వేశాడు. యూదులకే కాదే, నాజీలు చంపిన సింతీ, రోమా అనే యూరప్ తెగల జనానికి, వాళ్ళని ఎదిరించిన వాళ్ళకి, పిచ్చివాళ్ళని ముద్రేసి ఆస్పత్రుల్లోనే చంపేసిన రోగులకి కూడా. అసలు ఆయన ఈ దారి పట్టిందే రోమాల వల్ల. 1940 మేలో మీ ఊరి నుంచి వెయ్యి మందిని రైలెక్కించి పంపేశారు, యాభై ఏళ్ళ తర్వాత ఈయన వాళ్ళని తోలుకెళ్ళిన దారి పొడవునా రోడ్డు మీద రంగుతో అక్షరాలు వేసుకుంటూ పోయాడు.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, డబ్ల్యూడీఆర్ అనే జర్మన్ రేడియో వాళ్ళు 2022లో ఈ రాళ్ళ కోసం ఒక యాప్ తెచ్చారు. మీ రాష్ట్రంలోవే 15,000 పైచిలుకు ఉన్నాయి అందులో. రాయి దగ్గర నిలబడి ఫోన్ తీస్తే ఆ మనిషి కథ వస్తుంది, కొన్నిటికి చిన్న రేడియో నాటకం కూడా. నీ జర్మన్ ఎంతవరకొచ్చిందో తెలీదు కానీ డౌన్‌లోడ్ చెయ్యి.

నాకు వీటితో ఒక పేచీ ఉంది. ఎక్కడ చేసినా సరే, ఇలాంటి కథకి వెనకాల వయొలిన్ పెట్టి, చదివే మనిషి గొంతు వణికించిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. జరిగింది చాలదా, నువ్వొచ్చి ఏడిపించాలా? ఈ పట్టుదల నాకు డేవిడ్ బోడర్ రికార్డింగులు విన్నాకే మొదలైంది.

ఆయన చికాగోలో సైకాలజీ ప్రొఫెసర్, లాట్వియాలో పుట్టిన యూదుడు. 1946లో, అంటే యుద్ధం అయిపోయి ఏడాది తిరిగిందో లేదో, వైర్ రికార్డర్ మోసుకుని యూరప్ వెళ్ళాడు. టేపు కాదే, వెంట్రుక లాంటి స్టీలు తీగ! తెగితే ముడేసి మళ్ళీ తిప్పేవాళ్ళు. శరణార్థుల దగ్గర ముందు పాటలు రికార్డు చేసి వాళ్ళకే వినిపించేవాడు, తమ గొంతు పెట్టెలోంచి రావడం చూసి వాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు, ఆ తర్వాత ఒక్కొక్కరే కూర్చుని మాట్లాడేవాళ్ళు. నూటికి పైగా మనుషులు, తొమ్మిది భాషలు. నాజీల నిర్బంధ క్యాంపుల గురించి ప్రపంచానికి ఇంకా సరిగా తెలియని రోజులు కదా, ఆయన అడిగే ప్రశ్నలు కొన్ని మరీ అమాయకంగా ఉంటాయి. బట్టలు ఏం చేశారు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఇలాంటివి. అందుకే వాళ్ళు విసుక్కోకుండా మొదటి నుంచీ చెప్పుకొస్తారు. మధ్యలో ఆగిపోతారు, భాష మారుస్తారు, మళ్ళీ అందుకుంటారు. ఏ నటుడూ అలా ఆగలేడు.

ఆ పాటల తీగచుట్ట ఒకటి పేరు తప్పుగా రాసి ఉండటంతో ఎన్నో ఏళ్ళు ఎవరికీ దొరకలేదు, అమెరికాలో ఏక్రన్ యూనివర్సిటీ ఆర్కైవ్‌లో బయటపడింది. దాన్ని వినిపించే యంత్రం కోసం మళ్ళీ తంటాలు.

అయితే 1949లో వేసిన పుస్తకానికి బోడర్ పెట్టిన పేరు చూడు: "చనిపోయినవాళ్ళని నేను ఇంటర్వ్యూ చెయ్యలేదు". ఆయన తీగ మీదకెక్కింది బతికి బయటపడ్డవాళ్ళే. మీ ఫుట్‌పాత్ మీద పేర్లలో చాలామందికి గొంతే మిగల్లేదు, వాళ్ళ తరఫున ఇంకెవరో చదవక తప్పదు, కాబట్టి నేను యాప్‌ని మరీ తిట్టలేను. చదివేవాళ్ళు ఆ మనిషిలా నటించకుండా, ఉత్తరం చదివినట్టు చదివితే చాలంటాను.

బోడర్‌వి ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఇంగ్లీషు అనువాదం పక్కనే ఉంటుంది. రాత్రి పడుకునేముందు మాత్రం పెట్టుకోకు. యాప్‌లో నాటకం ఒకటి విని అది నటనలా ఉందో, మామూలుగా చదివారో రాయి. నీ తీర్పు విన్నాక పోట్లాడుకుందాం.

నీ
లలిత