గులాబీ డబ్బా, నీలం డబ్బా: మీ క్రాఫ్ట్ కిట్ల మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది పాలకొల్లు. వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చోకుండా ఉంటారని మీ కిట్లు రెండు తెప్పించాను. మోటారు బండి తయారుచేసే నీలం డబ్బా ఏడేళ్ల మావాడికి, లేసు అల్లే గులాబీ డబ్బా తొమ్మిదేళ్ల మా అమ్మాయికి. వాటి మీద 'అబ్బాయిల కోసం', 'అమ్మాయిల కోసం' అని మీరే అచ్చేశారు. నేనూ ఆలోచించకుండా కొన్నాను, అంతవరకూ తప్పు నాదే.

పావుగంటలో డబ్బాలు చేతులు మారాయి. అమ్మాయి చక్రాలు బిగించుకుంటోంది. వాడు సూది పట్టుకుని అమ్మమ్మ పక్కన చేరాడు. మా అత్తగారిది నరసాపురం దగ్గర పల్లె, నలభై ఏళ్లుగా లేసు అల్లిన చెయ్యి. గొలుసు అల్లిక వాడికి రెండు రోజుల్లో వచ్చేసింది.

గొడవంతా గులాబీ డబ్బాలో ఎలా అల్లాలో చెప్పే మీ కాగితంతోనే. అడుగడుగునా 'ఇప్పుడు దారం లాగు చిట్టితల్లీ' అని ఉంది. నీలం డబ్బాలో మాత్రం 'శభాష్ ఇంజినీరు బాబూ!' పక్కింటి పిల్లలు అది గట్టిగా చదివి మావాణ్ణి ఏడిపించారు. వాడు పెన్సిల్‌తో పదకొండు చోట్ల 'తల్లీ' కొట్టేసి 'తండ్రీ' అని రాసుకున్నాడు. మా వైపు ఆడపిల్లనీ 'నాన్నా' అనే పిలుస్తాం, మీ కాగితం రాసినవారికి ఆ సంగతి తెలియదేమో.

ఫోన్ చేస్తే మీవాళ్లు, 'బాబుకి ఇంకో బ్లూ కిట్ తీసుకోండి సార్, పింక్ అమ్మాయిల రంగే కదా' అన్నారు. ఎప్పటినుంచండీ? 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపార పత్రిక ఒకటి మగపిల్లలకి గులాబీ, ఆడపిల్లలకి నీలం అని రాసింది. అంతదాకా ఎందుకు, పుట్టువెంట్రుకలు తీయించే ముందు పూలజడ వేసి, గౌను తొడిగి తీయించిన నా ఫోటో మా ఇంట్లో గోడకే ఉంది. మా గోదావరి జిల్లాల్లో అలాంటి ఫోటో ఉన్న ఇళ్లు బోలెడు.

అలాగని మేమేదో శుద్ధపూసలమని కాదు. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన నరసాపురం లేసుని ఇళ్లలో అల్లేది ఆడవాళ్లు, ఎగుమతి వ్యాపారం చేసేది ఎక్కువగా మగవాళ్లు. కానీ అదే నరసాపురంలో పంటు ఎక్కి గోదావరి దాటి అంతర్వేది వెళ్లి చూడండి. ఒడ్డున మగవాళ్లు వరసగా కూర్చుని వలలు అల్లుతుంటారు. అక్కడా దారమే, సూదే, ముడే. వాళ్లని ఎవరూ చిట్టితల్లీ అనరు.

డబ్బాల మీద ఆ రెండు మాటలూ తీసేయండి. వయసు రాయండి, లోపల ఏముందో రాయండి, చాలు. కాగితం మార్చి రాయించండి, మావాడికి కొత్తది ఒకటి పంపండి. ఇంకో సంగతి, మీ దారం చూసి మా అత్తగారు 'ఇది పీచు లేచిపోతుందండీ, దీంతో పువ్వు నిలబడదు' అన్నారు. ఆ దారం ఉండ కూడా మార్చాలి. బిల్లు, డబ్బా ఫోటోలు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
పాలకొల్లు నుంచి మీ కొనుగోలుదారు