45 రోజులు నీళ్లు మాత్రమే ఇస్తాను

నమస్కారం. మన తీరంలోని ప్రాణులను పెంచే ఉప్పునీటి తొట్టి కోసం ఈ సీజనులో నా దగ్గర అడ్వాన్సు కట్టినవారికి, పోయిన ఏడాది తీసుకెళ్లినవారికి ఈ ఉత్తరం.

విషయం ముందే చెప్పేస్తాను. ఇకమీదట తొట్టి, ఇసుక, రాళ్లు, ఉప్పునీళ్లు మీ ఇంటికి వచ్చిన రోజున వాటితోపాటు పీత గానీ చేప గానీ రాదు. కనీసం 45 రోజులు ఆగి, నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని తేలాకే మొదటి ప్రాణిని తెచ్చి వదులుతాను. అన్నాళ్లు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోలేమనుకునేవారికి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను. పైసా కోత ఉండదు.

పోయిన కార్తీకంలో హైదరాబాదులో 11 ఇళ్లలో ఈ తొట్లు పెట్టాను. పెట్టిన సాయంత్రమే శంఖంలో కాపురముండే పీతలను, నత్తలను, రెండేసి చిన్న చేపలను వదిలాను. పిల్లలు తొట్టి చుట్టూ మూగి కేరింతలు కొడుతుంటే నాకూ సంబరంగానే ఉంది. నెల తిరగకుండా 7 ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. ముందు చేపలు, తర్వాత పీతలు. "తిండి ఎక్కువ వేశామేమో" అని మీలో కొందరు నేరం మీ మీదే వేసుకున్నారు. తప్పు మీది కాదు, నాది. పునాది ఆరకముందే గోడ లేపాను.

తొట్టిలో ప్రాణి ఉంటే దాని మలమూత్రాల నుంచి, మిగిలిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది కొంతవరకు ఫరవాలేదు, నీళ్లు మారిస్తే తగ్గుతుంది. ఈ బ్యాక్టీరియా ఇసుకలో, రాళ్ల మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటి చేపలను ఏళ్ల తరబడి పెంచినవారు కూడా ఇక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను. సముద్రపు నీటి పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం చూపే అంకె, 8.1, 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో ప్రాణం తీసే భాగం ఎక్కువవుతుంది. గోల్డ్‌ఫిష్ తొట్టిలో చెల్లిపోయిన మోతాదు ఇక్కడ చెల్లదు.

మిగిలిన 4 ఇళ్లు ఎందుకు నిలబడ్డాయన్నది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. లెక్కల పుస్తకం తిరగేస్తే దొరికింది. ఆ రోజు కొత్త ఇసుక చాలక, ఆ నాలుగింటికీ మా షాపులో ఏడాదిగా నడుస్తున్న తొట్టి నుంచి ఇసుక, రాళ్లు తీసి ఇచ్చాను. దాంతో బ్యాక్టీరియా కూడా వెళ్లింది. అందుకే ఈసారి ప్రతి ఇంటికీ పాత తొట్టి ఇసుక దోసెడు ఇస్తాను. అయినా 45 రోజుల నియమం మాత్రం సడలించను.

రెండో తప్పు నీళ్లది. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వ్యాను పంపి, క్యాన్లలో సముద్రపు నీళ్లే తెప్పించాను. "అసలు సముద్రపు నీళ్లు" అని మీకు గర్వంగా చెప్పాను కూడా. వేసవిలో తెప్పించినప్పుడు అవి బాగానే పనిచేశాయి కాబట్టి కార్తీకంలో కొలవనైనా లేదు. చేపలు పోయాక షాపులో మిగిలిన క్యాను తెరిచి, ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క వేసి చూస్తే వెయ్యికి 24 పాళ్లు ఉప్పు. మామూలుగా సముద్రంలో 35 ఉంటుంది. వానాకాలంలో గంగా బ్రహ్మపుత్రల నుంచి మన గోదావరి, కృష్ణల దాకా నదులన్నీ బంగాళాఖాతంలో పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగి, ఆ తియ్యని నీటిని మన ఒడ్డుకు మోసుకొస్తుంది. ఒకే ఒడ్డు, ఒకే క్యాను, కానీ చైత్రంలో నీరు వేరు, కార్తీకంలో నీరు వేరు. పైగా 300 కిలోమీటర్ల పైచిలుకు దారిలో మూత బిగించిన క్యాన్లలో, నీటిలోని కంటికి కనబడని జీవులు చచ్చి కుళ్లడం మొదలవుతుంది.

కనుక ఇక సముద్రపు నీళ్లు తేను. ఆర్‌ఓ నీటిలో అక్వేరియం కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి ఇస్తాను. లీటరుకు సుమారు 36 గ్రాములు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లు ఒక్కో పేటలో ఒక్కోలా ఉంటాయి, అందుకే ఆర్‌ఓ. వంటింటి ఉప్పు వాడవచ్చా అని చాలామంది అడుగుతున్నారు, వద్దు. సముద్రపు నీటిలో లీటరుకు 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల కాల్షియం ఉంటాయి. వంటింటి ఉప్పులో ఇవి దాదాపు ఉండవు.

వాటి అవసరం ఏమిటో పోయిన మాఘంలో కళ్లారా చూశాను. తార్నాక నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసి "బాబూ, పీత చచ్చిపోయింది, పారేయనా?" అన్నారు. ఫొటో పంపమన్నాను. శంఖం పక్కన ఇసుక మీద కాళ్లు, డెక్కలు, కళ్ల కాడలతో సహా పీత రూపం పడి ఉంది.

"చేత్తో ఎత్తి చూడండమ్మా, బరువుందా?"

"ఉల్లిపొర లాగా ఉంది నాయనా."

"నీచు వాసన వస్తోందా?"

"ఏమీ రావడం లేదు."

శంఖంలోకి టార్చి వేసి చూడమన్నాను. లోపల లేత గులాబి రంగులో, ముడుచుకుని, పీత బతికే ఉంది. ఎదిగే పీత పాత గుల్ల విడుస్తుంది. కొత్త గుల్ల మొదట మెత్తగా ఉండి, నీటిలోని కాల్షియం తీసుకుని గట్టిపడుతుంది. దీని పొట్ట భాగానికి మాత్రం ఎప్పుడూ గట్టి గుల్ల ఉండదు, ఒక పక్కకు వంకర తిరిగి ఉంటుంది. దాన్ని దాచుకోవడానికే దానికి నత్త వదిలిన శంఖం కావాలి. ఒళ్లు పెరిగితే ఇల్లు మారాలి. అందుకని ఇకపై ఒక్కో పీతకు వేర్వేరు సైజుల్లో నాలుగు ఖాళీ శంఖాలు ఇస్తాను, రంగులు వేయనివి. గుల్ల విడిచినప్పుడు రెండు మూడు రోజులు దాన్ని కదిలించకండి. పోయిన ఏడాది ఈ ముక్క మీకు ముందుగా చెప్పి ఉండవలసింది. బతికున్న పీతను చచ్చిందనుకుని ఎవరైనా పారేసి ఉంటారేమో అన్న బాధ నాకు ఇంకా ఉంది.

పోయినసారి రెండు ఇళ్లకు ఒంటి మీద మూడు నల్లని వంపు చారలుండే టెరపాన్ చేప పిల్లలను ఇచ్చాను. వేలెడంత ఉన్నప్పుడు ముచ్చటగా ఉంటాయి, కానీ అడుగు దాటి పెరుగుతాయి, తోటి చేపల పొలుసులు పీకి తింటాయి. 150 లీటర్ల తొట్టికి అవి తగవు. ఆ రెండు ఇళ్లవారూ ఎప్పుడైనా తెచ్చి ఇవ్వండి, డబ్బు తిరిగిస్తాను. దయచేసి ఏ ప్రాణినీ హుస్సేన్‌సాగర్‌లో గానీ చెరువులో గానీ వదలకండి. తొట్లలోంచి వదిలిన దెయ్యం చేప మన చెరువుల్లో వలలు చించుతూ ఎలా పెరిగిపోయిందో చూస్తున్నాం. సెలవులకు వెళ్లినప్పుడు సముద్రంలోనూ వదలకండి. షాపులో పట్టిన రోగాన్ని తీరానికి మోసినట్టవుతుంది.

సముద్ర గుర్రం, సముద్ర దోసకాయ, పగడం కావాలని అడుగుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన సముద్రంలోని ఈ మూడింటినీ పట్టడం, అమ్మడం నేరం. ఎంత ఇచ్చినా తేను, ఎవరైనా తెస్తామన్నా కొనకండి. క్లౌన్ చేపలు మన ఆంధ్ర తీరం ఒడ్డున దొరికేవి కావు. వాటిని హేచరీలో పెంచే పద్ధతి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. కావాలన్నవారికి హేచరీ పిల్లలే ఇస్తాను, సముద్రంలో పట్టినవి కాదు.

ఇక ఇంట్లో మీరు చూసుకోవలసినవి. తొట్టి ఉన్న గదిలో దోమల మందు ప్లగ్గు పెట్టకండి. అందులోని పైరిథ్రాయిడ్ అనే మందు మన లెక్కలో దోమను చంపేది మాత్రమే, కానీ పీతకూ రొయ్యకూ చేపకూ అది విషం. వీధిలో ఫాగింగ్ చేసేటప్పుడు కిటికీలు మూసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పండి. చేపకు జబ్బు చేస్తే నన్ను అడగకుండా మందు వేయకండి. రాగి కలిసిన మందు పీతలను, నత్తలను చంపేస్తుంది. నీళ్లు ఆవిరైతే ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది కాబట్టి అద్దం మీద గీత పెట్టుకుని, తగ్గినంత మేర ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోయండి, ఉప్పునీళ్లు కాదు. ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఫ్యాను గాలి నీటి మీదికి తిప్పండి, కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఉంచుకోండి.

ధర పెరిగింది. పోయిన ఏడాది 14,500 రూపాయలు, ఈసారి 19,000. రిఫ్రాక్టోమీటరు, పరీక్ష కిట్టు, మొదటి మూడు నెలల ఉప్పు అందులోనే. ఆ తర్వాత వారానికి 15 లీటర్లు మార్చుకోవడానికి అర కిలో పైచిలుకు ఉప్పు పడుతుంది, ఆ ఖర్చు మీది. నష్టపోయిన 7 ఇళ్లవారికి మాత్రం తొట్టి మళ్లీ మొదటి నుంచి పెట్టి ఇస్తాను, రూపాయి తీసుకోను.

ఆదివారాలు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు షాపులో నీటి పరీక్ష ఉచితం. సబ్బు తగలని సీసాలో, గాలి మిగలకుండా నిండా నింపి, మూత బిగించి తెండి. ఆ ఉదయమే తొట్టిలోంచి తీసిన నీళ్లయి ఉండాలి.