మలేరి పళ్లు, శాన్‌ఫ్రాన్సిస్కో చేప

సంపాదకులు గారికి నమస్కారం.

మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టైన్‌హార్ట్ అక్వేరియం చూశాం. అక్కడ మెతూషెల అని ఒక ఆస్ట్రేలియా లంగ్ ఫిష్ (ఊపిరితిత్తి ఉన్న చేప) ఉంది, బైబిల్లో 969 ఏళ్లు బతికిన ముసలాయన పేరు పెట్టారన్నమాట. 1938లో ఓడలో వచ్చిందట, 2023లో డీఎన్‌ఏ చూసి దాదాపు 92 ఏళ్లుంటాయని లెక్కగట్టారు, అంటే నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అంజీర్ పండ్లంటే ప్రాణమట, అవీ తాజావైతేనే!

నిజం చెప్పాలంటే మొదట బోర్ కొట్టింది. దుంగలా అడుగున పడుంది, జనం వచ్చి ఫొటో తీసుకుని సొరచేపలెక్కడ అంటూ పోతున్నారు, మా మనవడూ అంతే. నేను మాత్రం మోకాళ్ల నొప్పితో అక్కడే బెంచీ మీద కూలబడ్డాను కాబట్టి బతికిపోయాను, ఎందుకంటే చాలాసేపటికి అది నెమ్మదిగా పైకి తేలి, మూతి బయటపెట్టి ఒక్క గుక్క గాలి మింగి, ఏమీ ఎరగనట్టు కిందికి దిగిపోయింది. మన కొర్రమట్ట కూడా గాలి పీలుస్తుంది గానీ దానికి ఊపిరితిత్తి లేదు, దీనికి నిజంగానే ఒకటుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగుంటే మొప్పలతోనే సరిపెట్టుకుంటుందట, అందుకే అంతసేపు కాచుకోవాల్సి వచ్చింది.

ఇలాంటివాటిని సజీవ శిలాజాలంటారు. పేపర్లలో ‘కోట్ల ఏళ్లుగా మారని చేప’ అని రాసేస్తుంటారు, అది నాకు నచ్చదు. రూపం పెద్దగా మారలేదేమో గానీ లోపల మార్పు ఎప్పుడు ఆగింది? 2021లో దీని డీఎన్‌ఏ మొత్తం చదివితే మనిషిదానికి 14 రెట్లు పొడవుందని తేలింది.

అసలు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. మాది మంచిర్యాల. మన పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి దగ్గర దొరికిన ఈ లంగ్ ఫిష్ రకం చేపల పళ్ల శిలాజాల గురించి ఓల్డ్‌హామ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1859లోనే రాశారు, అవి 20 కోట్ల ఏళ్లు దాటినవి. ఆస్ట్రేలియాలో వాటి చుట్టం ఇంకా బతికే ఉందని క్రెఫ్ట్ అనే శాస్త్రవేత్త లోకానికి చెప్పింది 1870లో! ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్ని, పక్కనున్న మలేరి పేరు పిల్లల ముందు ఒక్కసారీ ఎత్తలేదు, సిగ్గేసింది.

డైనోసార్ ఎముకల గురించి అప్పుడప్పుడూ వేస్తుంటారు కదా, మీ జిల్లా పేజీలో ఈ పళ్ల గురించి కూడా ఒకసారి ఫొటోతో వేయండి. బతికున్న చేప ఫొటో కావాలంటే మా అమ్మాయి తీసింది పంపుతాను, కాస్త మసకగా ఉంది.

– ఒక రిటైర్డ్ టీచర్, మంచిర్యాల